బెజవాడ కర్ఫ్యూలో చెల్లో

మా పెద్దమామయ్య వాయించిన వాద్యాన్ని మీలో చాలామంది వినే ఉంటారు, అది చెల్లో అనే పెద్ద ఫిడేలు జాతి వాద్యమని తెలియకుండానే. అరవైల, డెబ్భైల నాటి తెలుగు సినిమా పాటల్లో పల్లవి ముగిసి చరణం రాబోయే ముందు ఫిడేళ్ళన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. వాటి కింద బరువైన నాదం ఒకటి నడుస్తూ ఉంటుంది. ఆ నాదం పలికించే ముగ్గురు నలుగురిలో మా మామయ్య ఒకడు. ఏ పాటలో అని అడిగితే ఆయనే చెప్పలేకపోయేవాడు. ఉదయం కాల్షీటుకు వెళ్తే స్టాండు మీద నొటేషన్ కాగితం ఉంటుంది. వాయించి, సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, మధ్యాహ్నానికి ఇంకో రికార్డింగు థియేటర్‌కు పరుగు. ఆ పాట ఏ సినిమాలోదో ఎప్పటికో రేడియోలో వస్తే తెలిసేది. అప్పుడు కూడా "ఇది మనదే అనుకుంటా" అనేవాడు తప్ప గట్టిగా చెప్పేవాడు కాదు.

అమ్మమ్మగారి ఇల్లు సత్యనారాయణపురంలో, రైలు పట్టాలకు దగ్గరలో ఉండేది. ఆ పట్టాలు ఎత్తేశారు, ఇప్పుడక్కడ బీఆర్‌టీఎస్ రోడ్డు. అప్పట్లో బెజవాడలో సంగీతం అంటే ముందుగా చెప్పుకునే పేటల్లో మాది ఒకటి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యపరంపర ఊరంతా విస్తరించి ఉండేది. 1948 డిసెంబరులో రేడియో స్టేషన్ వచ్చాక ఇంటికొక గాయకుడో ఫిడేలు విద్వాంసుడో తయారయ్యాడని అమ్మ అనేది. అది అతిశయోక్తే అయినా, మా సందులో ఉదయం నడిచి వెళ్తే ఒక ఇంట్లో సరళీ స్వరాలు, పక్కింట్లో వర్ణం, ఆ పైఇంట్లో మృదంగం జతులు వినిపించిన మాట మాత్రం నిజం.

మామయ్య కూడా ఫిడేలుతోనే మొదలుపెట్టాడు. నేల మీద మఠం వేసుకుని, ఫిడేలు తలను కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయించే మన పద్ధతి. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి చిన్న చిన్న కచేరీల్లో పక్కవాద్యానికి పిలిచేవారు. నవరాత్రులకు, శ్రీరామనవమి పందిళ్ళకు, పెళ్ళిళ్ళకు. సంభావన ఇంతని ఉండేది కాదు, ఒక్కోసారి కొబ్బరికాయ, అరటిపళ్ళు, కండువాతో సరి. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నాయి. మద్రాసులో సినిమా రికార్డింగులకు ఫిడేలు వాళ్ళు కావాలని ఎవరో చెప్పగా, తాతయ్య ఎంత వద్దన్నా వినకుండా రైలెక్కాడు.

తాతయ్య గురించి ఇక్కడే చెప్పాలి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగినప్పుడు ఆయన కుర్రవాడు, మంచినీళ్ళు అందించే వాలంటీరు. ఆ తర్వాత జీవితాంతం ఖద్దరు విడవలేదు, సినిమా చూడలేదు. కొడుకు త్యాగరాజ కీర్తన వదిలి సినిమా పాటకు పోవడం ఆయనకు ఇంటి పరువు పోయినంత పని. మామయ్య పంపే మనియార్డరు అమ్మమ్మే సంతకం పెట్టి తీసుకునేది. తాతయ్య ఆ సమయానికి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఆ డబ్బుతో తెచ్చిన బియ్యం మాత్రం తినేవారు, ఈ సంగతి అమ్మమ్మ ఆయన వినేలాగే అనేది.

మద్రాసు వెళ్ళాక తెలిసిందట, ఫిడేలు వాళ్ళు అక్కడ కుప్పలు తెప్పలుగా ఉన్నారని. పైగా వాళ్ళంతా కుర్చీలో కూర్చుని, గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని, కాగితం చూసి వాయిస్తారు. మామయ్యకు చెవి ఉంది, కాగితం చదవడం రాదు. ఆర్కెస్ట్రాలో గోవా నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెల్లో వాయించేవారు. ఆయనే జాలిపడి, "ఫిడేళ్ళ వరసలో నీ వంతు రావాలంటే ఏళ్ళు పడుతుంది. చెల్లోకు మనుషులు లేరు, నేర్చుకుంటావా?" అని అడిగారట. ఆర్నెల్లు వాళ్ళింటి వరండాలో ఖాళీ తీగల మీద కమాను లాగడం తప్ప ఇంకేమీ చేయనివ్వలేదని మామయ్య చెప్పేవాడు. అంత పొడుగు వరండా, అంత పొడుగు కమాను, ఒక్కటే స్వరం.

చెల్లోకు నాలుగు తీగలు: సి, జి, డి, ఎ. ఒక్కో తీగకు మధ్య పంచమం దూరం. ఫిడేలు కంటే కాస్త పెద్దదైన వయొలాకు కూడా అవే తీగలు, చెల్లో సరిగ్గా ఒక స్థాయి కింద. మన బాలమురళీకృష్ణ గారు వయొలా వాయించేవారు కాబట్టి ఆ పేరు మా పేటలో కొత్త కాదు, దాని పెద్దన్న ఇది అని మామయ్య పరిచయం చేసేవాడు. ఫిడేలు నుంచి చెల్లోకు వచ్చినవాడికి అసలు తలనొప్పి ఎడమచేతి బొటనవేలు. ఫిడేలు మీద ఆ వేలు మెడ వెనకే ఉంటుంది, తీగ జోలికి రాదు. చెల్లోలో పైస్థాయికి వెళ్ళాలంటే బొటనవేలు కూడా మెడ వెనక నుంచి లేచి తీగల మీదకు అడ్డంగా వచ్చి కూర్చోవాలి. ఆ వేలి పక్కన, గోరు మొదట్లో, మామయ్యకు కాయ కాసి ఉండేది. చిన్నప్పుడు దాన్ని గోటితో గిల్లి "నొప్పి లేదా?" అని అడగడం నాకు ఆట. గట్టిగా, పసుపుపచ్చగా, చెక్కలాగే ఉండేది. "ఇది నా డిగ్రీ రా" అనేవాడు.

చెల్లోను మద్రాసు నుంచి తేవడం ఒక జాతర. బెజవాడ స్టేషన్‌లో దిగగానే కూలీల మధ్య బేరం, అంత పెద్ద నల్లపెట్టెలో ఏముందోనని జనం. శవపేటిక అనుకుని ఒకావిడ దూరంగా జరిగి దణ్ణం పెట్టుకున్న సంగతి మామయ్య ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవాడు. రిక్షాలో పెట్టె సీటు మీద దర్జాగా కూర్చుంటే మామయ్య దాన్ని ఒక చేత్తో పట్టుకుని పక్కన నడుచుకుంటూ వచ్చేవాడు. అందుకే ఏదో పెద్ద అవసరం ఉంటే తప్ప దాన్ని తెచ్చేవాడు కాదు.

1972 చివర్లో తెచ్చాడు. పిన్ని పెళ్ళి. పదిహేను రోజులు ఉండాలి, అన్ని రోజులు సాధన మానితే చెయ్యి బిగుసుకుపోతుందని భయం. పెళ్ళి అయితే అయింది కానీ ఈలోపు ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పుతో మొదలైన గొడవ జై ఆంధ్ర ఉద్యమమై ఊరు ఊరంతా రోడ్డెక్కింది. బడులు మూతపడ్డాయి. ఆఫీసులు లేవు, బస్సులు లేవు, రైళ్ళు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. కాల్పులు, కర్ఫ్యూ. మామయ్య మద్రాసు వెళ్ళలేడు, మేము మా ఇంటికి వెళ్ళలేము. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడి లేకపోవడం కంటే గొప్ప ఉద్యమం ఉంటుందని నాకు తెలియదు.

అలా ఒకే ఇంట్లో తాతయ్య, మామయ్య, చెల్లో చిక్కుకుపోయాయి.

కర్ఫ్యూ సడలించినప్పుడు పాలకు, కూరలకు పరుగెత్తడం, మిగతా పొద్దంతా తలుపులు వేసుకుని కూర్చోవడం. పట్టాల మీద రైలు చప్పుడు లేదు. మొదటి రెండు మూడు రోజులు మామయ్య తాతయ్యకు భయపడి, వెనక గదిలో తలుపు దగ్గరగా వేసి వాయించాడు. కానీ చెల్లో నాదం తలుపులకు ఆగేది కాదు. దానికి అడుగున ఒక ఇనుప ములుకు ఉంటుంది, దాన్ని నేలలో గుచ్చి నిలబెట్టాలి. నేలలోంచి నాదం పక్క గదికి పాకుతుంది. మేము చాప మీద పడుకుంటే వీపుకు వినిపించేది. అమ్మమ్మ, "పక్కింటి గానుగ మనింటికి తెచ్చావు కదరా" అనేది. మూడో రోజో నాలుగో రోజో పక్కింటి విద్వాంసుడు గోడ మీదుగా తొంగిచూసి, "శంకరాభరణమే కదా అది, అబ్బాయ్? ఎవరి కృతి?" అని అడిగారు.

అది జర్మన్ సంగీతకర్త బాక్ మొదటి సూట్‌లో ప్రెల్యూడ్. సూట్ అంటే వరసగా వాయించే కొన్ని నృత్య గీతాల కూర్పు, ప్రెల్యూడ్ అంటే దాని ఆరంభ భాగం. అది ఉన్న జి మేజర్ అనే పాశ్చాత్య స్వరశ్రేణి మన చెవికి శంకరాభరణమే. గమకం లేని శంకరాభరణం. స్వరాలు ఒకదాని వెంట ఒకటి మెట్లు దిగుతూ, ఎక్కుతూ, తాళం ఆగకుండా రెండున్నర నిమిషాల పాటు సాగుతుంది. పక్కవాద్యం లేదు, శ్రుతి లేదు, పాట లేదు. జర్మనీలోని కొతెన్‌లో ఉన్న రోజుల్లో, సుమారు 1720 ప్రాంతంలో బాక్ ఇలాంటి ఆరు సూట్లు ఒంటరి చెల్లో కోసం రాశాడు. ఆయన చేతిరాత ప్రతి దొరకలేదు, మనకు మిగిలిన వాటిలో ముఖ్యమైనది ఆయన రెండో భార్య ఆనా మాగ్డలీనా రాసుకున్న నకలు. ఈ మాట విని గోడ అవతలి పెద్దాయన వెంటనే, "అంటే వాలాజాపేట వాళ్ళు త్యాగయ్య గారి కీర్తనలు రాసిపెట్టినట్టన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఆయన రోజూ గోడ దగ్గర కుర్చీ వేసుకునేవారు.

మామయ్యకు ఈ సూట్లు ఎలా తెలిశాయంటే, మద్రాసు మూర్ మార్కెట్‌లో. 1985లో కాలిపోయింది కానీ, పాత పుస్తకాలు, పాత రికార్డులు ఏవి కావాలన్నా అప్పట్లో అక్కడికే వెళ్ళేవారు. అట్ట చిరిగిన ఒక ఎల్పీ మీద చెల్లో పట్టుకున్న బట్టతల పెద్దమనిషి బొమ్మ చూసి కొన్నాడట. ఆ బట్టతల పెద్దమనిషి పాబ్లో కసాల్స్. ఆ రికార్డును మామయ్య ఎన్నిసార్లు విన్నాడో కానీ, తర్వాత మద్రాసులోని అమెరికన్ లైబ్రరీకి వెళ్ళి కసాల్స్ గురించి దొరికినదల్లా చదివాడు. కర్ఫ్యూ రాత్రుల్లో, పెరట్లో మంచాలు వేసుకునే వీలు కూడా లేక అందరం హాల్లోనే పడుకుంటే, మాకు చెప్పిన కథ అదే. అప్పటి పిల్లలం మాకు మర్యాద రామన్న తర్వాత కసాల్సే.

1876 డిసెంబరులో స్పెయిన్‌లోని కేటలోనియాలో, ఎల్ వెండ్రెల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. పిల్లవాడి ముచ్చట తీర్చడానికి తండ్రి ఎండిన సొరకాయ బుర్రతో ఒక వాద్యం చేయించి ఇచ్చాడు. ఈ మాట దగ్గర అమ్మమ్మకు ఆసక్తి కలిగింది, వీణ బుర్ర ఆవిడకు తెలిసిన సంగతి కదా. పదకొండేళ్ళ వయసులో మొదటిసారి అసలు చెల్లో విన్నాడు. 1890లో, పదమూడేళ్ళప్పుడు, తండ్రి బార్సిలోనా వచ్చి కొడుక్కి పూర్తి కొలత చెల్లో కొనిచ్చాడు. వాయించడానికి కాగితాలు కావాలని ఇద్దరూ రేవు దగ్గరి పాత నొటేషన్ల కొట్టుకు వెళ్ళారు. అక్కడ దుమ్ము కొట్టుకుపోయిన కాగితాల మధ్య దొరికాయి బాక్ సూట్లు. అప్పటికి వాటిని కచేరీలో పూర్తిగా వాయించేవారు కాదు, వేళ్ళకు కసరత్తు అనుకునేవారు. కసాల్స్ వాటిని పన్నెండేళ్ళు ఇంట్లో సాధన చేసి, ఆ తర్వాతే సభలో వాయించాడు.

"పన్నెండేళ్ళా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. "మరి ఆ పన్నెండేళ్ళు తిండి?"

"కాఫీ హోటల్లో వాయించేవాడు" అన్నాడు మామయ్య. నిజమే, విద్యార్థిగా ఉండగా కసాల్స్ బార్సిలోనాలో ఒక కెఫేలో ముగ్గురి బృందంలో ఒకడిగా వాయించి సంపాదించుకున్నాడు. ఇది చెప్పేటప్పుడు మామయ్య తాతయ్య వైపు చూడలేదు. ఇంట్లో మిగతా అందరం చూశాం.

ఆ రోజుల్లో చెల్లో నేర్పేవాళ్ళు కుడిచెయ్యి ఒంటికి అంటుకుని ఉండాలని చంకలో పుస్తకం పెట్టి, అది జారకుండా కమాను లాగమనేవారు. కసాల్స్ దాన్ని కాదన్నాడు, మోచేతిని వదిలేశాడు. ఎడమచేతి వేళ్ళను ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎగరేయకుండా చాపి అందుకునే పద్ధతి తెచ్చాడు. నాకు అర్థం కావడానికి మామయ్య నా చంకలో ఆ ఏటి పంచాంగం పెట్టి కమాను చేతికిచ్చాడు. మొదటిసారి లాగగానే పంచాంగం జారి తాతయ్య కాళ్ళ దగ్గర పడింది. ఆయన తీసి, కళ్ళకద్దుకుని, "దానికి వేరే పుస్తకం దొరకలేదా?" అన్నారు. కర్ఫ్యూ మొదలయ్యాక చెల్లో విషయంలో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

తాతయ్యను గెలిచింది మాత్రం సంగీతం కాదు. 1936 జులై కథ. బార్సిలోనాలో కసాల్స్ తన ఆర్కెస్ట్రాతో బేతోవెన్ తొమ్మిదో సింఫనీ రిహార్సల్ చేయిస్తున్నాడు. మర్నాడు కచేరీ. ఇంతలో ఒక మనిషి పరుగున వచ్చి చీటీ ఇచ్చాడు: సైన్యం తిరుగుబాటు చేసింది, రాత్రికి నగరం మీద పడవచ్చు, కచేరీ రద్దు, అందరూ ఇళ్ళకు పొండి. కసాల్స్ చీటీ చదివి వినిపించి, మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు, చివరి భాగం వాయించి విడిపోదామా అని అడిగాడు. వాయించారు, పాడారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు. మేము ఆ కథ వింటున్నప్పుడు మా వీధిలో కూడా పోలీసు జీపు తిరుగుతోంది.

ఆ తిరుగుబాటుతో మొదలైన అంతర్యుద్ధంలో సైన్యం నాయకుడు ఫ్రాంకో గెలిచి నియంత అయ్యాడు. కసాల్స్ దేశం వదిలి, సరిహద్దుకు ఇవతల ఫ్రాన్స్‌లో ప్రాద్ అనే చిన్న ఊళ్ళో ఉండిపోయాడు. శరణార్థి శిబిరాల్లో ఉన్న తనవాళ్ళకు తిండి, బట్టలు పంపడానికి కచేరీలు చేశాడు. హిట్లర్ వచ్చాక జర్మనీలో వాయించనన్నాడు. యుద్ధం అయ్యాక, గెలిచిన దేశాలు ఫ్రాంకోను దించకుండా ఊరుకున్నాయని, ఆ దేశాల్లోనూ వాయించనన్నాడు. అప్పటికి ప్రపంచంలో ఆయనంత పేరున్న చెల్లో విద్వాంసుడు లేడు. ఎంత డబ్బు ఇస్తామన్నా లేదన్నాడు. 1950లో, బాక్ చనిపోయి రెండు వందల ఏళ్ళైన సందర్భంగా, మీరు రాకపోతే మేమే వస్తామని పేరున్న సంగీతకారులంతా ఆ ప్రాద్ ఊరికే వెళ్ళి ఉత్సవం చేశారు.

తాతయ్య లేచి కూర్చున్నారు. "వాయించనన్నాడా? డబ్బిస్తామన్నా?" అని రెండుసార్లు అడిగారు. "అది సత్యాగ్రహమే రా. రాట్నం బదులు ఫిడేలు."

"చెల్లో, నాన్నా" అన్నాడు మామయ్య.

"ఏదో ఒకటి. రేపు పొద్దున అది ముందు గదిలో వాయించు."

మర్నాడు నుంచి చెల్లో ముందు గదిలోకి వచ్చింది. ములుకు గచ్చు మీద జారకుండా అమ్మమ్మ గోనెసంచి మడత పెట్టి ఇచ్చింది. కర్ఫ్యూ లేని వేళల్లో కిటికీ దగ్గర జనం ఆగేవారు. ఉద్యమానికి వెళ్ళే కుర్రవాళ్ళు కూడా కొందరు ఆగి, "ఇదేమి వాద్యమండీ?" అని అడిగి వెళ్ళేవారు. మామయ్య జీవితంలో ఒంటరిగా, ఎదురుగా శ్రోతలతో వాయించింది ఆ కొద్ది వారాలే. ఎవరూ దాన్ని కచేరీ అనలేదు.

తాతయ్యకు అంత నచ్చిన మొండితనంలో కసాల్స్ ఒక సడలింపు ఇచ్చాడని మామయ్య తర్వాత ఎప్పుడో చెప్పాడు. 1961 నవంబరులో కెనడీ పిలిస్తే వైట్‌హౌస్‌కు వెళ్ళి వాయించాడు, అమెరికా ఫ్రాంకోను గుర్తించిన దేశమే అయినా. అంతకు ముందు 1904లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ఉండగా అదే ఇంట్లో వాయించాడు. "మాట తప్పాడన్నమాట" అన్నారు తాతయ్య. "కెనడీని నమ్మాడు నాన్నా" అన్నాడు మామయ్య. ఈ వాదన వాళ్ళిద్దరి మధ్య తాతయ్య పోయేదాకా నడిచింది. నా మటుకు నాకు మామయ్యదే సరైన మాట అనిపిస్తుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, తన దేశం గోడు వినే నాయకుడు ఒకడు దొరికాడనుకుంటే ఆయన్ని తప్పుపట్టడానికి మనమెవరం?

మామయ్యకు అన్నిటికంటే ఇష్టమైన కథ మాత్రం ఇది కాదు. 1901లో అమెరికా యాత్రలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర కొండ ఎక్కుతుంటే పైనుంచి రాయి దొర్లి కసాల్స్ ఎడమచేతి వేళ్ళ మీద పడింది. నుజ్జయిన వేలు చూసుకుని ఆయనకు తోచిన మొదటి ఆలోచన, "దేవుడి దయ, ఇక చెల్లో వాయించక్కరలేదు" అని. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఇది చెప్పి మామయ్య కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వేవాడు. పిల్లలకు అందులో నవ్వేందుకు ఏముందో అర్థమయ్యేది కాదు. పన్నెండు గంటలు రికార్డింగు చేసి వచ్చిన మనిషికి అర్థమవుతుంది. వేలు బాగై ఆయన మళ్ళీ వాయించాడనుకోండి, ఇంకో డెబ్భై ఏళ్ళు. 1971 అక్టోబరులో, తొంభై నాలుగేళ్ళ వయసులో, ఐక్యరాజ్యసమితిలో తన ఊరి పక్షుల పాట ఒకటి వాయించాడు, మా ఇంట్లో కర్ఫ్యూ కథలకు సుమారు ఏడాది ముందు.

మేము ఈ కథలు విన్న ఏడాది తిరక్కుండానే, 1973 అక్టోబరు 22న, ఆయన ప్యూర్టోరికోలో చనిపోయాడు. ఫ్రాంకో ఇంకా బతికే ఉన్నాడు. మామయ్య మద్రాసు నుంచి రాసిన కార్డు తాతయ్య పేరున వచ్చింది. అంతకు ముందు ఏ ఉత్తరమూ తాతయ్య పేరున రాలేదు. 1979లో కసాల్స్ అస్థికలను సొంత ఊరికి తీసుకెళ్ళారని మామయ్య చెప్పేసరికి తాతయ్య లేరు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ఒక్క మైకు ముందు అరవైమంది ఒకేసారి వాయించే రోజులు పోయాయి. ఒకడు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి వాయించే భయం పోయింది, దానితోపాటు ఆ అరవైమందీ పోయారు. కీబోర్డులో ఒక మీట నొక్కితే చెల్లోల గుంపు పలికే కాలం వచ్చింది. తెలుగు సినిమా హైదరాబాదు చేరింది. మామయ్యకు నెలలో పది కాల్షీట్లు, తర్వాత నాలుగు, తర్వాత ఏ దేవుడి పాటకో ఒకటి. ఒక నిర్మాత బకాయి పెట్టిన డబ్బు కోసం తిరిగి తిరిగి, చివరికి "ఆ డబ్బుతో వాడు బాగుపడితే చాలు" అని అత్తయ్యను తీసుకుని బెజవాడ వచ్చేశాడు.

బెజవాడ ఎండ మనుషులనే కాదు, చెల్లోను కూడా వదలదు. చెల్లో పై చెక్కనూ పక్క చెక్కలనూ కలిపేది జంతువుల చర్మంతో చేసిన జిగురు. వేడికి, పొడిగాలికి చెక్క కుంచించుకుపోతే ఆ అతుకు విడిపోతుంది. కావాలనే అలాంటి జిగురు వాడతారు, చెక్క పగలకుండా అతుకే ఊడాలని. మే నెలలో ఒక మధ్యాహ్నం, మూలన నిలబెట్టిన చెల్లో నుంచి టప్పుమని చప్పుడు వచ్చింది. మామయ్య వేలి కణుపుతో అంచు పొడుగునా తట్టుకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, ఊడినచోట డొల్ల చప్పుడు. బెత్తెడు దూరం ఊడింది. గిన్నెలో నీళ్ళు పెట్టి, అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి జిగురు కరిగించి, సన్నటి కత్తితో అతుకులోకి పంపి, తీగలు వదులు చేసి, అత్తయ్య బట్టలారేసే క్లిప్పులు సరిపోక వడ్రంగి దగ్గర బిగింపులు అడిగి తెచ్చి బిగించాడు. వంటింట్లో ఆ జిగురు వాసనకు అత్తయ్య రెండు రోజులు మడి వంట వరండాలో చేసుకుంది. అప్పటి నుంచి ఎండాకాలమంతా పెట్టెలో తడిగుడ్డ చుట్టిన సబ్బుపెట్టె ఒకటి ఉండేది, మూతకు చిల్లులు పెట్టి.

వచ్చాక పిల్లలకు ఫిడేలు పాఠాలు చెప్పాడు, మన పద్ధతి ఫిడేలే. చెల్లో నేర్చుకుంటామని ఎవరూ రాలేదు, వస్తే పిల్లవాడి కొలత చెల్లో తేవడం ఎక్కడి నుంచి? ఉదయం ఐదింటికి మాత్రం తన కోసం సూట్లు. చివరి ఏళ్ళలో ఐదో సూట్ మీద పడ్డాడు. దానికి బాక్ పై ఎ తీగను ఒక మెట్టు దించి జి చేయమన్నాడు. అలా చేస్తే తీగల్లో రెండు జి లు వస్తాయి. మన ఫిడేలుకు షడ్జం, పంచమం, షడ్జం, పంచమం అని శ్రుతి చేసుకుంటాం కదా, సి ని షడ్జం అనుకుంటే జి పంచమమే, రెండు పంచమాలు వచ్చేశాయని మామయ్యకు సంబరం. "డి ని కూడా సి కి దించేస్తే పూర్తిగా మనదే" అనేవాడు. ఒకసారి నిజంగానే దించి తోడి ఆలాపన మొదలుపెట్టాడు. మంద్రంలో గాంధారం కంపితం ఆ లావు తీగ మీద ఊగుతుంటే, గోడ అవతలి పెద్దాయన కొడుకు, ఆయనా ఫిడేలు విద్వాంసుడే, లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కాఫీ కూడా మర్చిపోయి పదకొండింటి దాకా కూర్చున్నారు. రికార్డు చేసుకోవాలని ఎవరికీ తోచలేదు, ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న టేప్‌రికార్డరు అత్తయ్య లలితా సహస్రనామానికే.

కచేరీ చేయమని నేను చాలాసార్లు అడిగాను. సూట్లు ఇంకా రాలేదనేవాడు. కసాల్స్‌కు పన్నెండేళ్ళు పట్టింది, నీకు ముప్ఫై దాటాయి కదా మామయ్యా అంటే, "ఆయన కసాల్స్ రా" అనేవాడు. వినయమో, భయమో, అసలు కచేరీ అవసరమే లేదనిపించిందో నాకు తెలియదు. కర్ఫ్యూ నాటి కిటికీ జనం సంగతి ఎత్తితే మాత్రం ముఖం వెలిగేది.

ఆయన పోయిన ఏడాదికి అత్తయ్య చెల్లో అమ్ముదామంది. నాకు మనసొప్పలేదు. "వాయించని వాడింట్లో ఉంటే చెదలకు తప్ప ఎవరికి?" అంది, నోరు మూసుకున్నాను. గుంటూరులో ఒక చర్చిలో వాయించే కుర్రవాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి బేరం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన్ని ఆగమని, కుర్రవాడిని వాయించమంది. ఏదో కీర్తన వాయించాడు, శ్రుతి శుద్ధంగా ఉంది. "సూట్ వచ్చా?" అని అడిగింది అత్తయ్య. ఆ మాట ఆవిడ నోటి వెంట వినడం నాకదే మొదలు.

"మొదటిది నేర్చుకుంటున్నానండీ, అమ్మగారూ."

"ఎండాకాలం పెట్టెలో తడిగుడ్డ పెట్టాలి. అతుకు ఊడితే ఫెవికాల్ పూయకూడదు." కుర్రవాడు తల ఊపాడు. ఆ తండ్రి అడిగిన దానికంటే కూడా వెయ్యి తగ్గించి ఇచ్చింది అత్తయ్య. ఆయన సంతోషంగా డబ్బు లెక్కపెట్టి, చెల్లోను పెట్టెలో పెట్టబోతుంటే ఆపి, "పెట్టెకు వేరే" అంది.